నాకు అడగడం నేర్పిన పెద్దక్క

మా పెద్దక్క పోయిన సంగతి నాకు ఆసుపత్రి గేటు దగ్గరే తెలిసింది. మొన్న మంగళవారం పొద్దున బ్యాగు తనిఖీకి ఇస్తుంటే సెక్యూరిటీ అన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మేడం, పెద్దక్క పోయిందంట. పొద్దుగాల చాయ్ తాగుకుంట గడప మీద కూసున్నదంట. గట్లనే పక్కకు ఒరిగిందంట" అన్నాడు.

లోపలికి వెళ్లి లిఫ్టు ముందు నిలబడ్డాను. అది రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది. ఎక్కలేకపోయాను. చివరికి మెట్లెక్కి నాలుగో అంతస్తుకు చేరేసరికి, అక్కడ హౌస్‌కీపింగ్ అమ్మాయిలు ఇద్దరు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఏడుస్తూనే నవ్వుతున్నారు. ఒకమ్మాయి పెద్దక్క నడకను చేసి చూపిస్తోంది. నడుం మీద ఒక చెయ్యి, గాలిలో ఒక చెయ్యి, మోకాలు నొప్పికి ఒకవైపు చిన్న ఊపు. నాకూ నవ్వొచ్చింది. ఆమెను తలచుకుంటే ఎవరికైనా ఇంతే. ఎంత దుఃఖమున్నా మధ్యలో ఎక్కడో ఆమె మాట ఒకటి గుర్తొచ్చి చెడగొడుతుంది.

ఆమె మా ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. అటెండర్ల నుంచి గుండె ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు దాకా అందరికీ పెద్దక్కే. నేను అక్కడే క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. వైద్యం కోసం వచ్చినవాళ్లకు మా చేతుల్లో హాని జరగకుండా చూడటం నా పని. వినడానికి పెద్దగా ఉంటుంది కానీ చాలావరకు కాగితాల పనే. అందుకే ఆమె నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఓ ఫారాల పిల్లా!" అనేది. ఆ కేక రెండు అంతస్తులు దాటి వినిపించేది.

పరిగి దగ్గర పల్లె నుంచి పెళ్లైన కొత్తలో భర్తతో కలిసి కూలికి వచ్చిందట. గచ్చిబౌలి చుట్టుపక్కల లేస్తున్న భవనాల్లో సిమెంటు తట్టలు మోసింది. మా ఆసుపత్రి భవనానికి కూడా మోసింది. కట్టడం అయిపోయాక అదే భవనంలో ఊడ్చే పనికి చేరింది. కొత్తగా వచ్చిన డైరెక్టరుగారితో మొదటిరోజే, "సార్, నువ్వు నా తర్వాత ఒచ్చినవ్. ఈ దవాఖాన నేను కట్టిన. గోడకు ఏమన్న అయితే నన్నడుగు" అందట. ఆయన కోస్తా మనిషి, గంభీరంగా ఉంటారు. ఏమనాలో తోచక "అలాగేనండి" అన్నారట.

మా రిసెప్షన్ వాళ్లు డిశ్చార్జి అయ్యే ప్రతి పేషెంటుకీ నవ్వుతూ "మళ్లీ రండి" అనేవాళ్లు. ఎవరు నేర్పించారో తెలియదు. పెద్దక్క మాత్రం గేటు దాకా వెళ్లి, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ల తల నిమిరి, "పోయి రాకుండ్రి. పోండ్రి. ఇగ మళ్ల మా మొఖం చూడకుండ్రి!" అని సాగనంపేది. ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కోపం వచ్చి, ఆసుపత్రిలో మర్యాద లేదని ఫిర్యాదు రాశాడు. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. అతనికి ఫోన్ చేసి ఆ మాటకు అర్థం చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. వాళ్లమ్మ కూడా నవ్విందని చెప్పి, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

నేను చేరిన కొత్తలో నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఒక సర్వే. రోగుల భద్రత గురించి సిబ్బంది మనసులో నిజంగా ఏముందో తెలుసుకోవాలి. పొరపాటు కంటబడితే చెబుతారా, దాస్తారా? చెప్పినవాళ్లను మెచ్చుకుంటారా, తిడతారా? ఇలాంటి ప్రశ్నలతో ఫారం ఉంటుంది. డాక్టర్లకు, నర్సులకు పంచాను. వారంలో అన్నీ తిరిగొచ్చాయి. అన్నింటిలో ఒకటే జవాబు: చాలా బాగుంది. నేను పొంగిపోయాను. ప్రొద్దుటూరులో ఉన్న మా నాన్నకు ఫోన్ చేసి, మా ఆసుపత్రంత మంచిది ఇంకోటి లేదని చెప్పాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెద్దక్క నా ఎదుట కూర్చుని జొన్నరొట్టె విప్పింది. ఎప్పటిలాగే సగం తుంచి నా కంచంలో పెట్టింది.

"ఏంది బిడ్డా, మొఖం గింత వెలుగుతుంది?"

చెప్పాను. రొట్టె నములుతూ అంతా విన్నది.

"అందరు మంచిగనే ఉన్నదని రాసిన్రా?"

"అందరూ అక్కా. ఒక్కరు కూడా బాగలేదనలేదు."

"నువ్వు నమ్మినవా?"

నేను బదులు చెప్పకముందే ఇంకో ప్రశ్న వేసింది. "మరి మాకెందుకియ్యలె ఫారం? మేం దవాఖానల లేమా? మంచం మీద ఏమున్నదో మీకు తెలుస్తది. మంచం కింద ఏమున్నదో మాకు గదా తెలిసేది."

మరుసటి రోజు ఫారాన్ని తెలుగులోకి మార్చుకుని వెళ్లాను. లాండ్రీ పక్కన, మడత పెట్టిన దుప్పట్ల గదిలో ఆమె మనుషులు ఎనిమిది మంది కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని చదివాను. "మీ విభాగంలో రోగి భద్రతా సంస్కృతి ఏ స్థాయిలో ఉన్నదని మీరు భావిస్తున్నారు?"

పెద్దక్క కళ్లు చిట్లించి, "సంస్కృతి అంటే? బతుకమ్మనా?" అంది.

గది గదంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. ముందు రాత్రి సగం దాకా నిఘంటువు తిప్పి రాసుకున్న మాటలు అవి. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి నా బ్యాగులోనే పెట్టింది. "నువ్వు మంచిదానివే. నీ ఫారమే మంచిగ లేదు. నేనడుగుత, నువ్వు రాసుకో" అని వాళ్లవైపు తిరిగింది.

"ఈ నెలల తప్పేమన్న కంటవడ్డదా? వడితే ఎవలికన్న చెప్పినవా? చెప్తే నీ మీద ఎవలన్న గుస్సా అయిన్రా?"

అంతే. మూడు ముక్కలు. తర్వాత కాస్త ఆలోచించి ఇంకోటి కలిపింది.

"రేపు మీ అమ్మకు పానం బాగలేకుంటే ఈ వార్డుల పండవెడ్తవా?"

దుప్పట్ల గదిలో నవ్వు ఆగిపోయింది. ఒకామె నేలవైపు చూస్తూ, "నాలుగో అంతస్తులయితే పెడ్త అక్కా. రెండో అంతస్తుల పెట్ట" అంది. ఎందుకని పెద్దక్క మెల్లగా అడిగింది. అక్కడి నుంచి ఆ మధ్యాహ్నమంతా నా పెన్ను ఆగలేదు. చేతులు కడుక్కోకుండానే ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేవాళ్లు, మోగుతున్నా ఎవరూ పట్టించుకోని కాలింగ్ బెల్లు, పక్క కమ్మీ పైకి లేపని మంచాలు. ఇవన్నీ వాళ్లు రోజూ చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఒక్కరూ వాళ్లను అడగలేదు.

అవే నాలుగు ప్రశ్నలు పట్టుకుని నర్సుల దగ్గరికి మళ్లీ వెళ్లాను. పేరు రాయక్కర్లేదన్నాను. ఈసారి కాగితాలు వేరేగా వచ్చాయి. తప్పు చూసి ఊరుకున్నామన్నవాళ్లే ఎక్కువ. ఊరుకోవడానికి అందరూ రాసిన కారణం ఒక్కటే: భయం.

ఫలితాలు చెప్పడానికి ఆరో అంతస్తు సమావేశ మందిరంలో అందరినీ పిలిచారు. పెద్దక్కను కూడా పిలవాలని నేను పట్టుబట్టాను. ఆమె వెనక వరుసలో, చివరి కుర్చీలో, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని కూర్చుంది. నేను చెప్పడం ముగించగానే డైరెక్టరుగారు కళ్లద్దాలు తీశారు.

"పోయిన నెల అంతా బాగుందన్నారు కదమ్మా. ఒక్క నెలలో ఇంత ఎలా చెడిపోయిందండీ? మీరు అడిగిన తీరులోనే ఏదో తేడా ఉంది."

కొత్త ఉద్యోగం. తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాను. అప్పుడు వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"సార్, ఆ ఫారాల పిల్లను ఏమనకుండ్రి. ఆ కాగితాలల్ల ఉన్నది నిజమే. నేనే చెప్పలె, ఇగ వేరేటోళ్లేం చెప్తరు?"

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నాలుగేండ్ల కింద, రెండో అంతస్తుల. నేల కడిగే మందు డబ్బ మస్తు బరువుంటది. మోకాళ్లు గుంజుతున్నయని జరంత మందు ఖాళీ నీళ్ల సీసల పోసుకున్న. పని నడుమ ఎవలో పిలిస్తే సీస కిటికీల పెట్టి పోయిన. మళ్లొచ్చేసరికి ఒక ముసలాయన కొడుకు ఆ సీస మూత తీసి తండ్రి గ్లాసుల పోస్తున్నడు. ఉరికి గుంజుకున్న. 'పాత నీళ్లు కొడుకా, కొత్తయి తెస్త' అన్న. అబద్ధం సార్. ఆ ముసలాయన నాకు దండం పెట్టిండు, మంచిగ అర్సుకుంటున్నవమ్మా అని. ఆ దండం నాకు ఇప్పటికీ అరగలె."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"చెప్తే కొలువు పోతదని చెప్పలె. గసొంటి సీసలు ఇప్పుడు ఈ దవాఖానల ఎన్నున్నయో నాకు తెల్వది. అది చెప్పనీకే ఒచ్చిన."

అని కూర్చుంది. అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. ముందు వరుసలో గుండె ఆపరేషన్ల పెద్ద డాక్టరు లేచారు. "పెద్దక్క చెప్పింది కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. ఒకసారి ఆపరేషన్ మొదలుపెట్టే ముందు సరిచూడవలసినవి చూడకుండానే, చూశానని సంతకం చేశాను. ఆ రోజు ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు." ఆయన కూర్చోగానే ఒక సీనియర్ నర్సు చెయ్యెత్తింది.

కథ అక్కడితో సుఖంగా ముగిసి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున పెద్దక్క ఉండే నాలుగో అంతస్తు మూగబోయి ఉంది. హౌస్‌కీపింగ్ మనుషులను పంపే ఏజెన్సీ వాళ్లు ఆమెను ఇక రావద్దన్నారని తెలిసింది. ఫోన్ చేశాను. "ఫికర్ జెయ్యకు బిడ్డా, మోకాళ్లకు సెలవు దొరికింది" అంది. ఆ వెంటనే ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

నేను నేరుగా డైరెక్టరుగారి గదికి వెళ్లాను. భయంలో నా కడప మాట బయటికొచ్చేసింది. "సార్, నిన్న ఆయమ్మ నోరు తెరిచింది. ఈ పొద్దు ఆయమ్మ లేదు. ఇంక ఎవరు నోరు తెరుస్తారు సార్? నేను ఫారాలు ఎవరికియ్యల్ల? ఇచ్చినా, నేనే నింపను."

ఆయన ఏజెన్సీకి ఫోన్ చేసి రెండే మాటలు మాట్లాడి పెట్టేసి, "ఆవిడ ఇల్లెక్కడో తెలుసాండీ?" అన్నారు.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లోకి కారు పట్టదు. షేర్ ఆటోలు ఆగే చోట దిగి, ఆ సందుల్లో ఆయన బూట్లు తడుపుకుంటూ నా వెనకే నడిచారు. పెద్దక్క వాకిట్లో పీట మీద కూర్చుని మెంతికూర తుంచుతోంది. మమ్మల్ని చూసి కూర ఒళ్లోంచి జారిపోయేలా లేచింది.

"రేపు రండి" అన్నారాయన నిలబడే. "మీరు రాకపోతే నిజం అడిగే అర్హత నాకుండదు."

ఆమె ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, "చాయ్ తాగుతవా సార్?" అంది.

"నాకు షుగరండీ."

"చక్కెర లేకుండనే పెడ్త. తప్పులే చెప్పుకున్నం, షుగర్ చెప్పుకుంటె ఏమైతది!"

ఆ గంభీరమైన మనిషి ఆ గడప మీద కూర్చుని నవ్వడం నేను చూశాను. చాయ్ తాగుతూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, సీసాలో మందు ఎందుకు పోయాల్సి వచ్చిందని. ఆమె డబ్బా బరువు గురించి, మోకాళ్ల గురించి, మెట్ల గురించి చెప్పింది. ఆ నెలలోనే చిన్న డబ్బాలు వచ్చాయి. ఎర్ర రంగువి, పట్టుకోవడానికి పిడి ఉన్నవి. నీళ్ల సీసాలో మందు పోయవలసిన అవసరమే లేకుండా పోయింది. తర్వాత ఆమె నాతో అన్న మాట నేను ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను: "ఎవలు పోసిన్రు అంటే అందరు గోడ దిక్కు చూస్తరు బిడ్డా. ఎందుకు పోసిన్రు అంటే మోకాళ్లు చూపిస్తరు."

ఇంకో మాట కూడా అనేది. "చెప్పుకుంటె సిగ్గు ఒక్క పూట. దాచుకుంటె దినదినం."

ఆమె తిరిగి వచ్చిన రోజున ఎవరూ పూలదండలు వెయ్యలేదు. ఆమె లోపలికి వస్తూనే, "నా మాప్ ఎవలు తీసిన్రు?" అని అరిచింది. అది విని నాలుగో అంతస్తులో పేషెంట్లు కూడా మంచాల మీద లేచి కూర్చున్నారు.

ఆ తర్వాత నా గదికి మనుషులు రావడం మొదలైంది. పొరపాట్లు చెప్పడానికి, చిన్నవి, పెద్దవి. ఒకరోజు పెద్దక్క కాగితం పొట్లం ఒకటి తెచ్చి నా బల్ల మీద విప్పింది. అందులో నాలుగు మాత్రలు, దుమ్ము పట్టినవి. "మూల గదిల పంతులు సారు మంచం కింద. నాలుగొద్దుల సంది రోజుకొకటి. ఇంతకుముందైతే ఊడ్చి పారేస్తుంటి." నర్సుతో కలిసి వెళ్లి చూస్తే, ఆ రిటైర్డ్ పంతులుగారికి చేతులు వణికి మాత్ర జారిపోతోంది. అడగడానికి మొహమాటపడి, వేసుకున్నానని చెబుతున్నాడు. అవి ఆయన గుండెకు ఇస్తున్న మాత్రలు. ఆ పూట నుంచి నర్సు దగ్గరుండి వేయించింది. వారం తర్వాత ఆయన తన కాళ్ల మీదే నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. పెద్దక్క గేటు దాకా వెంట నడిచి, ఇక మళ్లీ రావద్దని గట్టిగా చెప్పింది. ఆయన పంతులు కదా, "చిత్తం" అన్నాడు.

మోకాళ్లు మరీ మొరాయించడంతో పెద్దక్క పోయిన ఏడు పని మానేసి, ఆ పాత ఊళ్లోనే కూతురి దగ్గర ఉంటూ వచ్చింది. మూడు వారాల కిందట ఈ ఏటి సర్వే ఫలితాలు చెబుదామని వెళ్లాను. వేరుశనగలు వలుస్తూ విన్నది.

"ఆఖరుకు అడిగినదానికి ఏమన్నరు? అమ్మను పండవెడ్తరంటనా?"

"చాలామంది పెడతామన్నారు అక్కా. కొందరు మాత్రం రెండో అంతస్తులో వద్దు, అక్కడ నర్సులు చాలడం లేదని రాసినారు."

ఆమె ముఖం విప్పారింది. "అది నిజం! అందరు పెడ్తమంటె నాకు అనుమానమొస్తుండె. ఆ కొందరిని మంచిగ చూసుకో బిడ్డా" అని గుప్పెడు పలుకులు నా చేతిలో పోసింది. అదే ఆఖరిసారి అని ఇద్దరికీ తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను సాగనంపాం. నిండుగా బతికిన మనిషి అని డప్పులు పెట్టించారు. డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే ఆసుపత్రి నుంచి వచ్చారు. నీలం యూనిఫారాల్లో హౌస్‌కీపింగ్ అమ్మాయిలు, తెల్లబట్టల నర్సులు, వెనక డైరెక్టరుగారు, పెద్ద డాక్టరు. సందులోంచి పెద్ద రోడ్డు మీదికి రాగానే డప్పు జోరందుకుంది. అమ్మాయిలు కళ్లు తుడుచుకుంటూనే అడుగు కలిపారు. అద్దాల మేడల ముందు స్కూటర్లు ఆపుకుని జనం చూస్తున్నారు. అంతకుముందే వాన పడి వెలిసింది.

కొంత దూరం పోయాక, ఆడుతున్న వాళ్లలోంచి ఒకమ్మాయి ఉన్నట్టుండి చెయ్యెత్తింది. ఈ మధ్యే చేరిన పిల్ల, నాకింకా పేరు కూడా తెలియదు. "ఆగుండ్రి! అన్నా, ఆగుండ్రి! ఆ నీళ్ల కింద గుంత ఉన్నది!" అని అరిచింది.

డప్పు ఆగింది. పాడె మోస్తున్న నలుగురూ ఆగారు. డైరెక్టరుగారూ, పెద్ద డాక్టరూ ఎక్కడివాళ్లక్కడ ఆగారు. ఆ పిల్లను ఎవరూ కసరలేదు. ఆమె ముందుకు వెళ్లి, చెప్పు విప్పి, ఒక కాలు నీళ్లలో పెట్టి లోతు చూసింది. మోకాలి దాకా మునిగింది. అక్కడే నిలబడి చెయ్యి చాచి పక్కకు దారి చూపించింది. పెద్దక్క మెల్లగా, కుదుపు లేకుండా, బంతిపూలు రాలుస్తూ ఆ గుంత పక్క నుంచి దాటిపోయింది. అందరూ దాటేదాకా ఆ పిల్ల ఆ నీళ్లలోనే నిలబడి ఉంది, ఎత్తిన చెయ్యి దించకుండా.